ఆ సిలిండర్లు ఎవరి పేరు మీద ఉన్నాయి?

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మా చిన్నాయన ఫోన్ చేశాడు. నాకు రాత్రంటే ఆయనకు తెల్లవారి ఏడు. పులివెందుల వైపు మా ఊళ్ళో, తోటలో బోరు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. మామూలుగా అయితే వానలు, చీనీకాయల రేటు, పిల్లల చదువులు. ఈసారి నేరుగా విషయానికి వచ్చాడు. "అబ్బీ, తుమ్మలపల్లె కాడ యురేనియం తీసినాక మిగిలింది గుంటలో పోస్తారు చూడు, అట్లాంటిది మీ అమెరికావోళ్ళు ఏం చేస్తారు? వాళ్ళ కాడ లక్షల టన్నులు పడుందంట గదా, టీవీలో చెప్పినారు."

ఆయన విన్నది నిజమే కానీ, విన్న మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. తుమ్మలపల్లె దగ్గర గుంటలో పోసేది టెయిలింగ్స్: రాయిని పిండి చేసి, యురేనియం లాగేసుకున్నాక మిగిలే బురద. అమెరికాలో పేరుకుపోయిన దాన్ని టెయిల్స్ అంటారు. అది అచ్చంగా యురేనియమే. ఆయనకు అర్థమవ్వాలని మజ్జిగ సంగతి చెప్పాను. గనిలోంచి వచ్చిన యురేనియంలో వెయ్యి పాళ్ళకు ఏడు పాళ్ళే పనికొచ్చే 235 రకం. రియాక్టర్లకూ బాంబులకూ ఆ వెన్న కావాలి. చిలికి వెన్న తీశాక మిగిలిన మజ్జిగలో ఇంకా వెయ్యికి రెండు నుంచి నాలుగు పాళ్ళ దాకా వెన్న ఉండిపోతుంది. ఆ మజ్జిగే డిప్లీటెడ్ యురేనియం. అమెరికా ప్రభుత్వం దగ్గర అది ఏడు లక్షల టన్నులు దాటింది.

"సరే, ఏం చేస్తారు దాన్ని?" అన్నాడు మళ్ళీ.

నేను ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌లో. ఆ మజ్జిగ కుండలు పెట్టిన మూడు ఊళ్ళలో ఒకటి, పైక్‌టన్, మా ఇంటి నుంచి గంటంపావు దూరం. ఒకసారి వెళ్ళి వచ్చాను కూడా. అయినా ఆయన అడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. నాలుగు రోజులుగా అదే ఆలోచన. అందుకే ఇది రాస్తున్నాను.

జానెడు వెడల్పు, మూరెడు పొడుగు

మన ఇళ్ళలో గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. పైక్‌టన్‌లో ఉన్న పెద్ద సిలిండర్ ఒక్కోదాంట్లో 12 టన్నులకు పైగా సరుకు పడుతుంది. నాలుగడుగుల వ్యాసం, పన్నెండడుగుల పొడవు, ఉక్కు గోడ మందం మాత్రం సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల్లో, ఎండకూ వానకూ ఆరుబయటే పేర్చి పెట్టారు. లోపల ఉండేది యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే తెల్లటి గడ్డ. ఒహాయోలో పైక్‌టన్ దగ్గర పోర్ట్స్‌మత్ ప్లాంట్, కెంటకీలో పడూకా, టెన్నెసీలో ఓక్ రిడ్జ్, ఈ మూడు చోట్లా కలిపి ఒకప్పుడు ఇలాంటివి దాదాపు 60 వేలు.

కంచె బయటి నుంచి నాకు అవేమీ కనపడలేదు. 23వ నంబరు రోడ్డు మీద చిల్లికోతి, వేవర్లీ దాటాక మొక్కజొన్న పొలాలు, ఓ మలుపు, గేటు, గార్డు గది. అంతే. వెనక్కి వస్తూ ఒక చిన్న హోటల్లో కాఫీకి ఆగాను. పక్క బల్ల మీద ఒక పెద్దాయన. ఆ ఊరివాళ్ళు ప్లాంటును 'ఎ-ప్లాంట్' అంటారు. వాళ్ళ నాన్న అందులో పనిచేశాడు, తర్వాత ఈయన కూడా. కొన్నాళ్ళు సిలిండర్ల యార్డులో డ్యూటీ. టార్చిలైటు పట్టుకుని వరసల మధ్య దూరి, తుప్పు చారలు చూసి, నంబరు ప్లేటు మీద అంకెలు కనపడకపోతే గుడ్డతో తుడిచి, కాగితం మీద రాసుకోవడం పని. "1990లో దొరికిన చిల్లి ఇంత" అని రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాడు. ఆయన కళ్ళారా చూడలేదట, చూసినవాళ్ళు చెప్పారట. ఇంటికొచ్చి రికార్డుల్లో వెతికితే ఆయన చేతులు చూపించిన కొలతే ఉంది: తొమ్మిది అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల పొడుగు. మన లెక్కలో జానెడు, మూరెడు.

ఆ చిల్లి తుప్పుతో మొదలవ్వలేదు. పేర్చేటప్పుడు పక్క సిలిండర్‌కి ఎత్తడానికి ఉండే ఇనప చెవి గుచ్చుకుంది. అప్పుడు ఎవరూ గమనించలేదు. ఏళ్ళ తరబడి అలాగే ఉంది. మరి లోపలున్నదంతా ఎందుకు బయటికి రాలేదు అంటే, అది మామూలు వేడిలో గడ్డగా ఉంటుంది, లోపలి పీడనం బయటి గాలికన్నా తక్కువ. గాలిలోని తేమ లోపలికి పోయి ఆ పదార్థంతో కలిసి, పుండు మీద చెక్కు కట్టినట్టు చిల్లి దగ్గర గట్టి పెచ్చు కడుతుంది. అదృష్టం కొద్దీ ఆ రసాయనం గుణం అలాంటిది. కానీ ఆ చెక్కు కట్టేటప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. 1986 జనవరి 4న ఓక్లహోమాలో గోర్ అనే ఊరి దగ్గర ఫ్యాక్టరీలో ఒక 14 టన్నుల రకం సిలిండర్‌ని పరిమితికి మించి నింపి, సరిచేద్దామని వేడిచేశారు. అది పగిలింది. ఆ ఆవిరి పీల్చి ఒక కార్మికుడు చనిపోయాడు. అది యార్డులో పడి ఉన్న సిలిండర్ కాదు, వేడిచేసిన సిలిండర్. ఆ తేడా ఉంది. అయినా లోపల ఉండేది ఆ సరుకే.

1995 మేలో అమెరికా అణు రక్షణ కేంద్రాల భద్రతా బోర్డు ఇంధన శాఖకు ఒక సిఫారసు పంపింది. సిలిండర్లకు మళ్ళీ రంగు వేయించండి, ఇంకేం రక్షణ ఇవ్వొచ్చో చూడండి, ఎక్కువ కాలం దాచడానికి ఈ రూపం మంచిదేనా, వేరే రూపంలోకి మార్చాలా అన్నది తేల్చండి అని. పడూకాలో యురేనియం చిలికే పని మొదలైంది 1952లో, పైక్‌టన్‌లో 1954లో. అంటే నలభై ఏళ్ళు దాటాక ఒకరు వచ్చి 'రంగు వేయండి' అని చెప్పాల్సి వచ్చింది. నాకు చిల్లి కన్నా ఇదే ఎక్కువ బాధ అనిపించింది.

అటక మీద సామాను

అన్నేళ్ళు ఎందుకు ఆగారు? డబ్బు లేక కాదు, ఇంజనీర్లు లేక కాదు. దానికి పెట్టుకున్న పేరు వల్ల అని నా అభిప్రాయం. ఇంధన శాఖ దశాబ్దాల పాటు దాన్ని చెత్త అని ఒప్పుకోలేదు. వనరు అంది. రేపు బ్రీడర్ రియాక్టర్లు (మండించిన దానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించేవి) వస్తే పనికొస్తుంది, ధర పెరిగితే మళ్ళీ చిలకొచ్చు అంది. చెత్త కాదు కాబట్టి ప్రమాదకర వ్యర్థాల చట్టం దానికి వర్తించదు. వర్తించకపోతే గడువు లేదు, గడువు లేకపోతే బడ్జెట్‌లో పద్దు లేదు.

మా అవ్వ అటక మీద విరిగిన కుర్చీలు, సొట్టపోయిన బిందెలు దాచేది. ఎప్పటికైనా పనికొస్తాయని. అటక ఆవిడది, సామాను ఆవిడది, కింద పడితే దెబ్బ తగిలేది ఆవిడ ఇంట్లోవాళ్ళకే. పైక్‌టన్ యార్డు అలాంటిది కాదు. దాచుకునేది వాషింగ్టన్, కింద ఉండేది పైక్ కౌంటీ.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇదీ: ప్రభుత్వం దగ్గర మిగిలిపోయిన యురేనియంని, ఎవరైనా డబ్బు కట్టి లారీ ఎక్కించుకుని పోయే రోజు దాకా, చెత్త కింద లెక్క కట్టాలి. చెత్తకు ఎంత డబ్బు పక్కన పెట్టాలో అంత పెట్టాలి, చెత్తకు ఉండే గడువు దానికీ ఉండాలి. కొనేవాడు వస్తే మంచిదే, పక్కన పెట్టిన డబ్బు మిగులుతుంది. వస్తాడన్న ఆశ మీద మాత్రం యార్డు నడపకూడదు.

ఇది పుస్తకాల్లో మాట కాదు. ఎక్కడ కదలిక వచ్చిందో చూస్తే తెలుస్తుంది. ఒహాయో రాష్ట్ర పర్యావరణ సంస్థ 'ఇది ప్రమాదకర వ్యర్థమే' అని పట్టుబట్టింది. ఇంధన శాఖ ఒప్పుకోలేదు. చివరికి 1998లో ఒప్పందం కుదిరింది: సిలిండర్లను ఎలా చూసుకోవాలి, ఎన్నాళ్ళకోసారి తనిఖీ చేయాలి, దాన్ని వదిలించుకునే దారి వెతకడం ఆపకూడదు అని. అదే ఏడాది, అప్పటిదాకా ప్రభుత్వానిదైన ఎన్‌రిచ్‌మెంట్ (యురేనియం చిలికే) కార్పొరేషన్‌ని షేర్లు అమ్మి ప్రైవేటు చేశారు. ఆ సంస్థ టెయిల్స్ కోసం పక్కన పెట్టిన 37 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము చేతులు మారిపోయేలా ఉంది. అప్పుడు కెంటకీ సెనేటర్ మెకానెల్ చొరవతో జూలైలో ఒక చట్టం వచ్చింది. ఆ డబ్బును కాపాడి, పడూకాలో ఒకటి, పోర్ట్స్‌మత్‌లో ఒకటి, సిలిండర్లలోని సరుకుని వేరే రూపంలోకి మార్చే మార్పిడి ప్లాంట్లు కట్టాలని, 2004 జనవరి 31 కల్లా పని మొదలవ్వాలని అందులో రాశారు. తేదీతో సహా రాశారు కాబట్టే ఆరునెలలు ఆలస్యమైనా 2004 జూలైలో పునాది పడింది. 2010, 2011 నాటికి ప్లాంట్లు నడవడం మొదలైంది.

టెన్నెసీ ఏం చేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనకు కొంచెం అడ్డం వస్తుంది. 1999లో ఆ రాష్ట్రం ఇంధన శాఖ చేత ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టించుకుంది: 2009 ఆఖరు కల్లా ఓక్ రిడ్జ్‌లోని సిలిండర్లన్నీ మార్చాలి, లేదా తీసుకుపోవాలి. గడువు పనిచేసింది. సిలిండర్లు వెళ్ళిపోయాయి. ఎక్కడికి? లారీల మీద ఒహాయోకి, పైక్‌టన్‌కి. ఒక రాష్ట్రం గట్టిగా అడిగితే గుట్ట పక్క రాష్ట్రం వాకిట్లోకి జరిగింది. ఆ హోటల్లో పెద్దాయన ఇది చెబుతూ కొంచెం సేపు మాట ఆపేశాడు. గడువు ఒక్కటే చాలదని, ఆ గడువులో ఏం చేయాలో కూడా రాసి ఉండాలని అప్పుడు అర్థమైంది.

వెన్న ధర

వనరు అన్న మాట పూర్తిగా అబద్ధం అయితే ఈ వాదన సులువుగా ఉండేది. అది అబద్ధం కాదు. 2007 జూన్‌లో యురేనియం ధర పౌండుకు 136 డాలర్లకు ఎక్కింది. 2008లో అమెరికా పార్లమెంటు ఆడిట్ సంస్థ ఒక లెక్క వేసింది: ఈ టెయిల్స్‌లో మళ్ళీ చిలకదగ్గ వాటి విలువ 760 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చు అని. నిన్నటిదాకా తుప్పుపట్టిన ఇనుము, ఇవాళ నిధి. తర్వాత 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం, ధర పడిపోవడం మొదలైంది. 2016 ఆఖరుకి 20 డాలర్ల కిందికి వచ్చింది. 2024 జనవరిలో మళ్ళీ 100 దాటింది. ఆ యార్డులో ఉన్నది మాత్రం ఒక్క గ్రాము మారలేదు.

ధర బాగా పడిపోయిన ఆ 2016 నవంబర్లోనే ఇంధన శాఖ, లేజర్ పద్ధతి మీద పనిచేసే గ్లోబల్ లేజర్ ఎన్‌రిచ్‌మెంట్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. పడూకాలోని దాదాపు 3 లక్షల టన్నుల టెయిల్స్ అమ్ముతాం, మీరు నలభై ఏళ్ళ పాటు చిలుక్కోండి అని. మంచి ఆలోచనే. ఆ ఫ్యాక్టరీ ఇంకా లేవలేదు. ఈ లోపల సిలిండర్లు చూసుకునేది, రంగు వేయించేది ఎవరు? ఇంధన శాఖే.

ఇంకొక సంగతి. పోర్ట్స్‌మత్ ప్లాంటు కూల్చివేత, శుభ్రం చేసే పనికి ప్రభుత్వం కొన్నేళ్ళు డబ్బుకు బదులు తన దగ్గరున్న మిగులు యురేనియం ఇచ్చింది. కాంట్రాక్టర్ దాన్ని మార్కెట్లో అమ్ముకుని కూలీలకు జీతాలు ఇవ్వాలి. ఇల్లు ఊడ్చే మనిషికి ఇంట్లో గిన్నెలు ఇచ్చి అమ్ముకోమన్నట్టు. యురేనియం ధర పడితే పని తగ్గిస్తామని నోటీసులు. ఇంకా ఎక్కువ యురేనియం వదిలితే ధర ఇంకా పడి, వయోమింగ్, టెక్సాస్ గనులవాళ్ళు గొడవ. మిగులు యురేనియం అమ్మితే దేశంలోని గనులకు దెబ్బ తగలకూడదని 1996 చట్టంలోనే ఉంది. ఇలాంటి కొన్ని లావాదేవీలు చట్టానికి విరుద్ధం అని ఆడిట్ సంస్థ చెప్పింది కూడా. 2018లో ఈ మారకం ఆపేశారు. ఊరి మనుషుల జీతాలు ఎక్కడో లండన్, న్యూయార్క్ ధరల మీద ఆధారపడటం నాకు అసలు మింగుడుపడలేదు. అది కూడా వనరు అన్న మాట నుంచి పుట్టిందే. చేతిలో నిధి ఉందనుకున్నప్పుడు బడ్జెట్ అడగాలనిపించదు.

మిత్రుడి మాట, నా అనుమానం

కొలంబస్‌లో నాకొక తెలుగు మిత్రుడు ఉన్నాడు, ఇబ్రహీంపట్నం మనిషి, పవర్ ప్లాంట్లలో పనిచేశాడు. ఇదంతా చెబితే కోప్పడ్డాడు. "నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. బొగ్గు బూడిదకు నంబరు ఉంటుందా? గాలికి ఎగిరి మా అమ్మ ఆరేసిన బట్టల మీద పడేది. ఇది ఒకచోట ఉంది, ప్రతి సిలిండర్‌కీ లెక్క ఉంది, రేడియేషన్ గనిలోంచి వచ్చిన యురేనియం కన్నా తక్కువ. ఏదైనా చెత్త ఇంత పద్ధతిగా ఉంటే నాకు చూపించు" అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. డిప్లీటెడ్ యురేనియం రేడియేషన్ సహజ యురేనియంతో పోలిస్తే సుమారు నలభై శాతం తక్కువ. ఒంట్లోకి పోతే ముందు దెబ్బతినేది మూత్రపిండాలు, సీసంలాంటి బరువు లోహం చేసే హాని అది. కానీ బూడిదకూ దీనికీ తేడా కాలంలో ఉంది. మామూలుగా అణు వ్యర్థాలు రోజులు గడిచేకొద్దీ చల్లబడతాయి. ఇది ఎదురు తిరుగుతుంది. శుద్ధి చేసినప్పుడు యురేనియం నుంచి విడిపోయిన రేడియం, రేడాన్ లాంటి పిల్ల మూలకాలు అందులో మళ్ళీ మెల్లగా పుట్టుకొస్తాయి. పది ఇరవై లక్షల ఏళ్ళ దాకా రేడియేషన్ పెరుగుతూనే పోతుంది. మార్పిడి ప్లాంట్లు చేసేది కూడా సిలిండర్‌లోని ఫ్లోరిన్‌ని ఆమ్లం రూపంలో విడదీయడమే. ఆ ఆమ్లం అమ్ముడుపోతుంది. యురేనియం ఆక్సైడ్ పొడిగా మిగిలిపోతుంది, కదలకుండా, తక్కువ ప్రమాదంతో. అయినా దాన్ని ఎక్కడో పూడ్చాలి.

2009 డిసెంబర్లో సౌత్ కరోలినాలోని సవానా రివర్ అణు కేంద్రం నుంచి ఇలాంటి ఆక్సైడ్ డ్రమ్ములు ఐదు వేలకు పైగా ఒక రైల్లో యూటా ఎడారిలో క్లైవ్ అనే చోటికి వచ్చాయి. ఇంకా రెండు రైళ్ళు రావాలి. గవర్నర్ హెర్బర్ట్ వద్దన్నాడు, అవి ఆగిపోయాయి. ఎందుకంటే క్లైవ్ ఉన్న నేల ఒకప్పటి బోన్‌విల్ మహాసరస్సు అడుగు. వేల ఏళ్ళలో ఆ సరస్సు మళ్ళీ నిండొచ్చు. లెక్కలు పదివేల ఏళ్ళకు వేస్తారు, సరుకు లక్షల ఏళ్ళకు బలపడుతుంది. మా మిత్రుడికి ఈ సంగతి చెప్పాను. "అది నిజమే" అని మాత్రం అన్నాడు.

అసలు అనుమానం నాకు వేరే ఉంది, అది నా ఊరి నుంచి వచ్చింది. టెయిల్స్‌ని మళ్ళీ చిలికితే ఆ మేరకు కొత్తగా గని తవ్వక్కర్లేదు. యురేనియం గని పక్కన ఊళ్ళు ఎలా ఉంటాయో తుమ్మలపల్లె చుట్టుపక్కలవాళ్ళు ఎన్నోసార్లు చెప్పారు. బోరు నీళ్ళ గురించి, అరటి తోటల గురించి. నల్లమలలో తవ్వకం వద్దని 2019 సెప్టెంబర్లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. అలాంటప్పుడు పాత మజ్జిగని చిలకమనే వాళ్ళను నేనెలా కాదంటాను? కాదనను. 2012లో ఇంధన శాఖ 9 వేల టన్నుల టెయిల్స్ ఇచ్చి, పడూకాలో ఏడాది పాటు మళ్ళీ చిలికించింది. ఆ యురేనియం ఇంధనానికి పోయింది. ఆ పాత ప్లాంటు కరెంటు తినేది, 2013లో మూతబడింది. కానీ చేయొచ్చని తెలిసింది.

మన దేశంలో 'వనరు' అన్న మాట కొంచెం నిజాయితీగా వాడుతున్నారని కూడా ఒప్పుకుంటాను. మన భారజల రియాక్టర్లు సహజ యురేనియంతోనే నడుస్తాయి కాబట్టి ఇంత గుట్ట పేరుకోలేదు. వాడేసిన ఇంధనం నుంచి వచ్చే డిప్లీటెడ్ యురేనియంతో హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కొన్ని బండిల్స్ (ఇంధన కడ్డీల కట్టలు) చేస్తుంది, కొత్త రియాక్టర్ మొదలుపెట్టేటప్పుడు మధ్యలో వేడి ఎక్కువ కాకుండా వాటిని పెడతారు. కల్పాక్కం బ్రీడర్‌లో చుట్టూ దుప్పటిలా పెట్టేది కూడా అదే. కావలసినంత తీసుకోవడం, వాడటం. పని ముందు ఉంది, సరుకు తర్వాత. పైక్‌టన్‌లో సరుకు ముందు వచ్చింది, పని కోసం డెబ్బై ఏళ్ళుగా ఎదురుచూస్తోంది.

పైక్‌టన్ గురించి ఇంకొకటి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. 2019 మేలో అక్కడ జాన్స్ కార్నర్ మిడిల్ స్కూల్ మూసేశారు. బడిలో ఎన్‌రిచ్డ్ యురేనియం ఆనవాళ్ళు, ఎదురుగా ఉన్న గాలి పరీక్ష యంత్రంలో నెప్ట్యూనియం (రియాక్టర్లలో పుట్టే రేడియోధార్మిక మూలకం) ఆనవాళ్ళు దొరికాయని. అది సిలిండర్ల వల్ల అని నేను అనడం లేదు, ప్లాంటులో జరిగిన పనులు చాలా ఉన్నాయి. కానీ ఆ పెద్దాయన మనవరాలు ఆ బడిలో చదివేదట. "మా ఇల్లు గడిచింది ఆ ప్లాంటు మీదే. ఇప్పుడు వాళ్ళు ఏది చెప్పినా మా అమ్మాయి నమ్మదు" అన్నాడు.

గురువారం చిన్నాయనకు నేనే ఫోన్ చేశాను. మజ్జిగ, సిలిండర్లు, చిల్లి, ఒహాయో ఒప్పందం, టెన్నెసీ లారీలు, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఎవరి పేరు మీద ఉండాయి అవి? రేపు కంపెనీ ఎత్తేస్తే?"

మొదటి నుంచీ చాలావాటికి ప్రభుత్వమే ఓనర్ అని చెప్పాను. ప్రైవేటు అయిన ఆ ఎన్‌రిచ్‌మెంట్ సంస్థ 2014లో దివాలా పిటిషన్ వేసిందని, అది పోగుచేసిన టెయిల్స్ కూడా చాలా వరకు ప్రభుత్వానికే వచ్చి చేరాయని చెప్పాను. ఎన్‌రిచ్‌మెంట్ చేసే ఏ కంపెనీ అయినా ఖర్చు కట్టి అప్పగిస్తే ఇంధన శాఖ తీసుకోవాల్సిందేనని అక్కడి చట్టంలో రాసి ఉందని కూడా చెప్పాను.

"కాయితం ఉంది అన్నమాట" అన్నాడు. "గడువు ఏసింది రాష్ట్రమోళ్ళే గదా? సెంట్రల్ వాళ్ళు కాదు?"

"ముందు గట్టిగా అడిగింది రాష్ట్రాలే చిన్నాయనా."

"ఒహాయోవోళ్ళు సంతకం పెట్టించుకున్న కాయితం దొరుకుతుందా? తెలుగులో రాసి పంపు, రెండు పేజీల్లో."

పంపుతానన్నాను. ఇంకేదో అడగబోయాడు, అంతలో వెనక మోటారు గుయ్యిమంది. "కరెంటొచ్చింది, నీళ్ళు మళ్ళించాల" అని ఫోన్ పెట్టేశాడు.